సారె పుచ్చుకున్న దళం

ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచిన రెండు నల్లకొండల నడుమ గరుడవాగు నురగలు కక్కుతూ దూకుతోంది. దాని తుంపర మీద పొద్దుటెండ పడి, అరచేతి వెడల్పు ఇంద్రధనుస్సులు పుడుతూ మాయమవుతూ ఉన్నాయి. ఆ వాగు మీద అడవితీగలతో అల్లిన వంతెన ఒకటి వేలాడుతోంది. యువరాజు నీలకేతుడు ఆ వంతెన నడిమికి చేరాడో లేదో, వెనకనుంచి మూడు గుర్రాలు వచ్చి ఒడ్డున ఆగాయి. నల్లముసుగులు వేసుకున్న ముగ్గురు వాటి మీది నుంచి దూకి, పలకరింపైనా లేకుండా కత్తులు దూసి వంతెన మీదకు పరుగెత్తుకొచ్చారు.

నీలకేతుడు కంకణ రాజ్యాన్ని విడిచి మూడేళ్ళయింది. పాములేటి కనుమ యుద్ధంలో ఓడి పారిపోయిన మాంత్రికుడు ఉలూకజటుణ్ణి వెతుకుతూ అతడు ఏడు దీవులు గాలించాడు. రెండుసార్లు మొసలి నోట్లోంచి, ఒకసారి రాక్షసి వేసిన పెళ్ళిపందిట్లోంచి బయటపడ్డాడు. తీరా ఆ మాంత్రికుడు కంకణ రాజ్యంలోనే ఎక్కడో మకాం పెట్టాడని తెలిసి, వట్టి చేతులతో ఇంటిదారి పట్టాడు. ఇల్లు చేరకముందే ఈ మర్యాద ఎదురైంది.

మొదటి కత్తి అతడి తల మీదుగా పోయింది. రెండోది భుజాన్ని గీరింది. మూడో ముసుగు మనిషి మాత్రం ఎడమచేత్తో కత్తిని మోకాలి ఎత్తున ఆడించి, చటుక్కున పైకి లేపి మణికట్టుకు గురిపెట్టాడు. ఆ వేటును నీలకేతుడు గుర్తుపట్టాడు. ఆ వేటు లోకంలో ఒక్క దళానికే తెలుసు. అతడు పక్కకు ఒరిగి ఆ చేతిని ఒడిసి పట్టాడు. పెనుగులాటలో ముసుగు జారిపోయింది.

ఆడమనిషి. ఎడమ చెవితమ్మె రెండుగా చీలి ఉంది. పాములేటి కనుమలో తన తొడలో బాణం దిగినప్పుడు, తనను వీపున వేసుకుని అరకోసు దూరం కొండ దింపిన మనిషి ఈమే. నీలకేతుడు ఆమె పేరు పిలవబోయాడు. పేరు నోటికి రాలేదు. ఆమె కళ్ళు నూనె అయిపోయిన ప్రమిదల్లా ఉన్నాయి. వాటిలో కోపం లేదు, గుర్తు లేదు. ఆమె చెయ్యి విడిపించుకుని ఒక్క వేటున అతడి పక్కనున్న వంతెన తీగ తెంపింది. యువరాజు తలకిందులుగా వాగులో పడ్డాడు.

వాగు అతణ్ణి రాళ్ళకేసి బాదుతూ రెండు కోసులు ఈడ్చుకుపోయి, కొట్టుకువస్తున్న ఒక దూలం చేతికి అందించి వదిలిపెట్టింది. ఒడ్డుకు చేరిన నీలకేతుడికి దెబ్బల కంటే ఆ చూపే ఎక్కువ బాధ పెట్టింది. పాములేటి కనుమలో తన పక్కన పోరాడిన మారసాని ఆడదళం తనమీద కత్తి ఎత్తడమా? శత్రువుల కంటపడకుండా రాజధాని చేరాలి, ముందు ఆ దళం ఏమైందో తెలుసుకోవాలి. దారిలో ఎదురైన గాజులసెట్టి ఒకడికి తన పట్టుబట్టలు ఇచ్చి, వాడి ముతక పంచె, తలపాగా, గాజుల మలారం పుచ్చుకున్నాడు. యుద్ధం చేసినందుకు తనకూ దక్కిన కుడిచేతి రాగి కడియాన్ని మోచేతి పైకి నెట్టి గుడ్డ చుట్టాడు. కత్తిని మలారంలో గాజుల కింద దాచి, మేకవెంట్రుకలతో నెరిసిన గడ్డం అంటించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా కంకణపురం వీరశాల గుమ్మం ముందు ఒక నెరిసిన గడ్డం గాజులవాడు నిలబడి ఉన్నాడు.

వీరశాల అంటే యుద్ధం చేసి వచ్చినవాళ్ళ ఇల్లు. నూరు స్తంభాల మండపం, స్తంభానికొక మంచం, మంచానికొక కంబళి, రెండు పూటలా వేడి అంబలి. యుద్ధం ముగిశాక సైనికుడు రాజు చేతికి కత్తి అప్పగిస్తాడు, రాజు అతడి చేతికి రాగి కడియం తొడుగుతాడు. ఆ కడియం చూపిస్తే చచ్చేదాకా ఈ గుమ్మం తెరిచి ఉంటుంది. గుమ్మానికి కావలి చెన్నప్ప. ఒక కాలు పాములేటిలో పోయింది, నోరు మాత్రం అక్కడ పోలేదు.

"గాజులా? ఎవరికి నాయనా, నాకా?" అని చెన్నప్ప పకపకా నవ్వాడు. "ఈ శాలలో ఆడగాలి సోకదు."

"అదేం పెద్దాయనా, పాములేటి కనుమ కాచింది ఆడవాళ్ళ దళమే అంటారు గదా? వాళ్ళుంటారని మలారం మోసుకొచ్చాను."

చెన్నప్ప నవ్వు ఆగిపోయింది. "వచ్చినారు. ఒకరు గాదు ఇద్దరు గాదు. ఆ మారసాని ఇదే మెట్టు మీద మూడు దినాలు కూచునింది. నా కాలు తెగిన పొద్దు రక్తం కారకుండా కట్టు గట్టింది ఆ తల్లే. కానీ ఏం జేసేది నాయనా? కడియం చూపించమంటే చూపించలేకపాయ. కడియం లేనోళ్ళను రానిస్తే రేపు నా మంచం పీకేస్తారు."

"నీ కడియం ఆమెకు ఇవ్వొచ్చుగా?" అన్నాడు గాజులవాడు కొంచెం కరుగ్గా.

"ఇస్తే నా గడప పోతాది. ఒక కడియానికి ఒకే మనిషి. ఇచ్చినోడు మళ్ళీ ఈ కోట గుమ్మం తొక్కకూడదు. అది రాజుకైనా కట్టుబాటే." చెన్నప్ప తల వంచుకున్నాడు. "ఇద్దామనుకున్నా నాయనా. ఒంటికాలితో యాడికి పోతానని ఆగిపోయినా. అబద్ధమెందుకు చెప్పాల? రోజూ ఆ మెట్టు చూసినప్పుడల్లా ముద్ద దిగదు. అసలు వాళ్ళకు కడియాలు ఎందుకియ్యలేదో ఆ యువరాజునే అడగాల. ఆయనేమో దేశాలు పట్టి పోయినాడు."

నీలకేతుడికి తల కొట్టేసినట్టయింది. ఎందుకివ్వలేదో అతడికి తెలుసు.

విజయోత్సవం నాడు తండ్రికి జ్వరంగా ఉంటే, కత్తులు అందుకునే పని నీలకేతుడి మీద పడింది. మగవాళ్ళ వరస అయిపోయింది. ఆడవాళ్ళ వరస వచ్చింది. మూడువందల మందిలో నూటతొంభై మంది మిగిలి, రక్తం మరకల బట్టలతో నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి యువరాజుకు కళ్ళు చెమర్చాయి. వీళ్ళకు రాగి కడియాలా అనుకున్నాడు. తన పక్కన పోరాడిన వీళ్ళు తన తోబుట్టువులు, ఈ రాజ్యానికి ఆడపడుచులు. ఆడపడుచును పుట్టింటివాళ్ళు ఎలా పంపిస్తారు? కడియాల పళ్ళెం పక్కకు తీయించి, చీరలు, పసుపుకుంకుమలు, గాజులు, అరిసెల బుట్టలు తెప్పించాడు. నూటతొంభై మందికీ సారె పెట్టి సాగనంపాడు. చూడవచ్చిన జనం కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అంత గొప్ప గౌరవం ఏ రాజూ ఏ సైన్యానికీ చేయలేదని భట్రాజులు పాడారు.

మారసాని ఒక్కతే చీర చేతిలో పట్టుకుని నిలబడిపోయి, "దొరా, మా కడియం?" అని అడిగింది. అతడు నవ్వి, "ఆడపడుచుకు కడియం ఎందుకమ్మా? నీకు నీ ఇల్లుంది కదా!" అన్నాడు. ఆ మాటను తలుచుకుని మూడేళ్ళపాటు, సముద్రాల మీద, దీవుల్లో, మంచిపని చేశానని మురిసిపోయాడు కూడా. ఇప్పుడా మురిపెం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాడు.

"ఉత్తరపు గోడ అవతల పాత గజశాల ఉందే, అందులో. ఏనుగులు కూడా వద్దనుకున్న చోటు."

నిజమే, ఏనుగులు వద్దనుకున్న చోటే. కప్పు సగం కూలి, గోడల నిండా రావిమొక్కలు మొలిచాయి. అయినా గుమ్మం ముందు చిమ్మి ముగ్గుపిండితో గీత గీసి ఉంది. నీలకేతుడు ఆ గీత తొక్కాడో లేదో, రెండు వైపులనుంచి రెండు రోకళ్ళు వచ్చి అతడి మెడ దగ్గర ఆగాయి.

"ఎవరది? నిలు!"

"గాజులవాణ్ణి తల్లీ!"

రోకళ్ళు దిగాయి గానీ వాటిని పట్టుకున్న చేతులు సడలలేదు. లోపల అరవైమంది ఉన్నారు. గడ్డిపరకలు వరసలుగా పరిచి, మూటలు తలవైపున ఒకే తీరున పెట్టుకున్నారు. నలుగురు గుమ్మం కాస్తుంటే తక్కినవాళ్ళు వంతులవారీగా కన్ను మూస్తున్నారు. యుద్ధం అయిపోయిందని ఎవరూ వాళ్ళకు చెప్పనట్టే ఉంది. చెవులు, వేళ్ళు, కాళ్ళు, ఏదో ఒకటి ప్రతివాళ్ళ దగ్గరా తక్కువే. గోడవార దళవాయి మారసాని కూర్చుని ఉంది. నలభై ఏళ్ళ మనిషి, నడుము ఇంకా ఈటెలాగే నిటారుగా ఉంది. జుట్టు మాత్రం తెల్లబడిపోయింది.

"రావయ్యా గాజులయ్యా," అందామె. "ఇయ్యాల మంచి ఇంటికి పోతాండాం. మొండిచేతులతో ఎట్ల పోయేది? వెయ్యి."

నీలకేతుడు ఆమె ముందు కూర్చుని చెయ్యి అందుకున్నాడు. మణికట్టు చుట్టూ పాముచుట్టలా తెల్లటి మచ్చ ఉంది. రెండు వేళ్ళు ముడవడం లేదు. ఆనాడు కనుమలో తన మీదకు దిగిన గండ్రగొడ్డలిని ఈ చెయ్యే ఆపింది. గాజు ఆ మచ్చ దాకా ఎక్కించి అతడు అక్కడే ఆగిపోయాడు.

"కొత్తవాడివా ఏంది? మలారం మోసేవాడి చెయ్యి ఇట్ల ఆగదే," అని మారసాని ఎగతాళి చేసింది.

"అమ్మా, మీకు సొంత ఇళ్ళు లేవా?" అని అతికష్టం మీద అడిగాడు.

"ఎందుకు లేవు? నలభైమందిని ఉంచుకున్నాయి కూడా. మా అత్తగారోళ్ళు సారె అరిసెలు ఊరంతా పంచినారు. ఆరు నెలలు బాగానే చూసినారు. నాకే నిద్దర పాడు. కన్ను మూస్తే కనుమలో ఉంటా. ఒకపొద్దు మా మరిది నీళ్ళచెంబు కోసం నా తలకాడికి వస్తే, మెడ పట్టుకున్నా. ఇంకాస్తుంటే సచ్చిపోయుండు. పసిబిడ్డలున్న ఇల్లు, నువ్వుండొద్దు అన్నాది మా అత్త. ఆమె మాట తప్పనలేను." ఆమె రెండో చెయ్యి చాపింది. "సత్రానికి పోతి. ఏ ఊర్నించి ఏ ఊరికి పోతుండావని అడిగినారు. యాడికీ పోవడంలేదంటే, ఇది బాటసారులకమ్మా అన్నారు. దిక్కులేని ఆడోళ్ళ మఠానికి పోతి. మొగుడు బతికుండాడు గదా అన్నారు. అంతఃపురం దానశాలలో, నువ్వు యుద్ధం జేసినదానివి, వీరశాలకు పో అన్నారు. వీరశాలలో కడియం అడిగినారు. ఎవ్వరూ కసురుకోలేదయ్యా, అందరూ మర్యాదగానే పొమ్మన్నారు."

గాజు ఒకటి యువరాజు చేతిలో చిట్లింది. నెత్తురు రావడం అతడు చూసుకోలేదు.

"ఇయ్యాల పోతున్నామన్నారే, ఎక్కడికి?"

"గుగ్గిలం అడవిలో ఎవురో పుణ్యాత్ముడు పసిడి గడప మేడ కట్టించినాడు. ఒకే మాట అడుగుతారంట, నీకు గడప ఉందా అని. లేదంటే లోపలికి రానిస్తారు. కడియం అడగరు, మొగుణ్ణి అడగరు. మావాళ్ళు తొంభైమంది ముందే పోయినారు."

"వాళ్ళలో ఒక్కరైనా తిరిగి వచ్చారా?"

"మెత్తటి మంచం దొరికినాక ఈ గడ్డిమీదికి ఎవురొస్తారు?"

ఆ పుణ్యాత్ముడు ఉలూకజటుడేనని నీలకేతుడికి ఆ మూడు మాటల్లోనే అర్థమైపోయింది. "అమ్మా, పోవద్దు! అది మాయ. ఇవాళ పొద్దున చెవితమ్మె చీలిన మనిషి ఒకామె గరుడవాగు దగ్గర నన్ను చంపబోయింది. ఆమె కళ్ళలో మనిషి లేదు!"

"బొల్లసానా?" మారసాని చివాలున తలెత్తింది. తరవాత అనుమానంగా చూసింది. "బొల్లసాని గాజులోణ్ణి ఎందుకు చంపుతాది? ఏం జేసినావు దానికి?"

ఇదిగో, ఇక్కడ చెప్పవలసింది. తలపాగా తీసి, నేను నీలకేతుణ్ణి, మీ కడియాలు ఆపినవాణ్ణి అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఏడు దీవుల్లో దేనికీ జడవని ఆ యువరాజు నోరు తెరిచి, చుట్టూ ఉన్న అరవై ముఖాలు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. వాళ్ళ రోకళ్ళకు కాదు అతడు భయపడింది. రహస్యంగా వెంట వెళ్ళి, మాంత్రికుణ్ణి మట్టుపెట్టి, వీళ్ళను కాపాడేస్తే ఆ మాట చెప్పుకోనక్కరే ఉండదని మనసు గొణిగింది. పిరికితనం ఎప్పుడూ ఉపాయంలాగే మాట్లాడుతుంది. అతడు "పొరబాటు పడ్డానేమో" అని లేచి వచ్చేశాడు.

సాయంత్రానికి దళం కదిలింది. అరవైమంది ఇద్దరిద్దరుగా, అడుగులో అడుగు వేస్తూ గుగ్గిలం అడవిలోకి నడిచారు. చాటుచాటుగా నీలకేతుడు వెంబడించాడు. అడవి నడిబొడ్డున చెట్లు విడిపోయి మేడ కనిపించింది. దంతపు గోడలు, పచ్చల కిటికీలు, కప్పు మీద వెండి హంసలు. స్తంభాలకు ఇత్తడి తీగలు అల్లుకుని, వాటికి నిజం పువ్వులు పూసి ఉన్నాయి. పచ్చటి పసిడి గడప మీద వాలుపొద్దు పడి, నేల మీద తేనె ఒలికినట్టుంది. లోపల కనుచూపు మేర మంచాలు, మంచాల మీద తెల్లటి పరుపులు. చూస్తేనే కళ్ళు మూతలు పడే అందం అది.

పాములేటి కనుమలో వెనక్కి తగ్గినప్పుడల్లా మారసాని ఆఖరున నిలిచేది. ఇక్కడా అలాగే నిలిచి తనవాళ్ళను ముందుకు పంపింది. మొదటి మనిషి వసారా ఎక్కగానే తలుపు మాట్లాడింది.

"నీకు గడప ఉందా?"

"లేదు."

ఆమె లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. మూడేళ్ళుగా పరుపు ఎరగని ఒళ్ళు. హాయిగా నిట్టూర్చింది. అంతే, కళ్ళలో వెలుగు ఆరిపోయింది. లేచి, గోడకున్న కత్తి తీసుకుని, బొమ్మలా నిలబడింది. ఆ నిలబడడం గోడ చాటున జరగడంతో బయటివాళ్ళకు కనబడలేదు, చెట్టు చాటునుంచి కిటికీలోకి చూస్తున్న నీలకేతుడికి కనబడింది. అతడు కత్తి దూసి మేడ వెనకకు పరుగెత్తాడు, మాంత్రికుడు దొరుకుతాడేమోనని. వెనక గోడే తప్ప తలుపు లేదు. తిరిగి వచ్చేసరికి నలుగురు లోపల ఉన్నారు. అయిదో మనిషి వసారా ఎక్కుతోంది.

ఇక అతడు ఆగలేకపోయాడు. తలపాగా, గడ్డం పీకి పారేసి, "ఆగండి! నేను నీలకేతుణ్ణి! లోపలికి పోకండి!" అని కేకపెట్టాడు.

దళమంతా వెనక్కి తిరిగింది. మారసాని అతణ్ణి చూసింది, మరుక్షణం కిటికీవైపు చూసింది. లోపల కత్తి పట్టుకున్న తనవాళ్ళు కనబడ్డారు. ఒక్క ఉరుకున వసారా ఎక్కి అయిదో మనిషిని జబ్బ పట్టి కిందకు విసిరేసింది. ఆ విసురులో తాను వసారా మీదే ఉండిపోయింది. స్తంభాల ఇత్తడి తీగలు సరసర పాకి ఆమె చీలమండలు బిగించాయి.

మేడలోంచి ఉలూకజటుడి నవ్వు గుడ్లగూబ కూతలా వినబడింది. "నా వసారా ఎక్కినవాళ్ళు బదులు చెప్పాలి. లేదని నిజం చెబితే నా దాసి. ఉందని అబద్ధం చెబితే బూడిద. పొద్దు మునిగేదాకా పలకకపోతే రాయి. చెప్పు దళవాయీ, నీకు గడప ఉందా?"

తీగలు మోకాళ్ళ దాకా ఎక్కాయి. నీలకేతుడు మోచేతి గుడ్డ చింపి, కడియం లాగి, వసారా అంచున మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "చెయ్యి ఇవ్వు మారసానీ. ఇది నీ చేతికి ఎక్కితే వీరశాల నీది. ఉంది అని నిజమే చెప్పొచ్చు."

ఆమె చెయ్యి చాపలేదు. "ఆనాడు నీ ముందు ఏ మాంత్రికుడూ లేడు దొరా. ఆనాడెందుకు ఇయ్యలేదు?"

"నాకు తోచలేదు."

"తోచకపోవడమేంది? నేను అడిగితిని గదా. నోరు తెరిచి అడిగితిని."

"అడిగావు," అన్నాడు నీలకేతుడు. "నేను నవ్వాను. మధ్యాహ్నం నీ దగ్గర కూర్చుని కూడా చెప్పలేకపోయాను. ఆ పిరికితనానికి ఇప్పుడు నలుగురు లోపల ఉన్నారు. నన్ను క్షమించమని అడగను. చెయ్యి ఇవ్వు. నువ్వు లేకపోతే వీళ్ళను నడిపించేవాళ్ళు లేరు."

మారసాని వెనక్కి, తన యాభైఅయిదు మందివైపు చూసింది. తీగ నడుముకు చుట్టుకుంది. ఆమె చెయ్యి చాపింది. ముడవని వేళ్ళ మీదుగా కడియం బలవంతాన ఎక్కింది.

"ఉంది!" అని అరిచింది. ఆ ఒక్క మాటకు మేడ పునాది దాకా అదిరింది. ఇత్తడి తీగలు పటపట తెగాయి. ఆమె వసారా దిగీ దిగకముందే లోపలికి తిరిగి, "కామసానీ!" అని దళవాయి గొంతుతో కేకేసింది. నలుగురిలో ఇంకా గుమ్మం దగ్గరే బొమ్మలా నిలబడి ఉన్న ఒకామె ఉలిక్కిపడి, కత్తి జారవిడిచి, కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చింది. తక్కిన ముగ్గురూ అప్పటికే లోపలి గదుల్లోకి నడిచిపోయారు. పిలుపు అక్కడికి అందలేదు.

"పేరు పెట్టి పిలిస్తే వస్తారు," అంది మారసాని రొప్పుతూ. "లోపలికి పోయి పిలవాల. తొంభైముగ్గురు." గుమ్మం వైపు అడుగు వేసింది. పసిడి గడప ఎర్రగా కాలి ఆమెను వెనక్కి నెట్టేసింది. గడప ఉన్న మనిషిని ఆ మేడ రానివ్వదు.

"నేను పోతాను," అన్నాడు నీలకేతుడు. "నాకిప్పుడు లేదుగా."

వెనకనుంచి ఇద్దరు ముగ్గురు మేం పోతాం అన్నారు. "నావాళ్ళను ఇంకొక్కర్ని కూడా పంపను," అని మారసాని వాళ్ళ నోరు మూయించి, యువరాజు వైపు తిరిగింది. "మంచం మీద కూచోవద్దు. ఎంత నిద్దరొచ్చినా కూచోవద్దు. కత్తి ఇక్కడ పెట్టిపో, వాళ్ళ మీద ఎత్తేది లేదు. సరే, వాళ్ళ పేర్లు చెప్పు."

నీలకేతుడు కత్తి తీసి ఆమె చేతికి అప్పగించాడు. "బొల్లసాని," అన్నాడు. అదీ ఇవాళ మధ్యాహ్నం విన్నదే. ఆపైన ఇంకొక్కటీ రాలేదు. నూటతొంభై మందికి తన చేత్తో చీర పెట్టాడు, ఒక్కరినీ నీ పేరేమిటని అడగలేదు.

మారసాని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతడికి. ఆమె నిటారుగా నిలబడి, కనుమలో పొద్దున్నే హాజరు పిలిచినట్టు పిలవడం మొదలుపెట్టింది. "గంగసాని! ఎర్రసాని! పోతసాని! ముమ్మసాని! అను, నా వెనకాలే అను!" అతడు అంటూ వసారా ఎక్కాడు. పొద్దు చెట్ల మొదళ్ళలోకి దిగుతోంది. పొద్దు మునిగితే తలుపు మూసుకుంటుంది.

"నీకు గడప ఉందా, యువరాజా?" అని తలుపు ముద్దుగా అడిగింది.

నోటిలో పేర్లు చెదరకుండా నీలకేతుడు ఒక్క క్షణం ఆగాడు. తండ్రి మందిరం, తన పడకగది, తనను చూడగానే లేచి నిలబడే కావలివాళ్ళు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. కట్టుబాటు ప్రకారం అవేవీ ఇక తనవి కావు.

"లేదు," అన్నాడు. ఈ మాటే మారసాని ఎన్ని గుమ్మాల దగ్గర చెప్పి ఉంటుందో అనుకుంటూ పసిడి గడప దాటాడు.

లోపల చల్లగా, సాంబ్రాణి వాసనగా ఉంది. పక్కనే ఉన్న మంచం అతడి కోసమే పరిచినట్టుంది. వాగు రాళ్ళమీద నలిగిన ఒళ్ళు అటు ఒరగబోయింది. అతడు పెదవి కొరుక్కుని నడిచాడు. వెనక మారసాని గొంతు పేరు తరవాత పేరు విసురుతోంది. ముప్పై, ముప్పై అయిదు, నలభై. నలభైఒకటో పేరు దగ్గర తలుపులు దడాలున మూసుకున్నాయి. తక్కిన యాభైరెండు పేర్లు బయటే ఉండిపోయాయి.

గది గోడల వెంట వాళ్ళు నిలబడి ఉన్నారు, కత్తులతో, ఆరిపోయిన కళ్ళతో. నలభైఒక్క పేర్లు అతడి నాలుక మీద ఉన్నాయి. ఏ పేరు ఏ ముఖానిదో మాత్రం తెలియదు. ఈ ముఖాలన్నీ ఒకనాడు అతడి ముందు వరసగా వచ్చి నిలబడ్డవే. కళ్ళలో నీళ్ళు నిండి అతడే సరిగా చూడలేదు. నిద్ర మగతలా మెదడును కమ్ముకొస్తోంది. తన పేరేదో అప్పుడే జారిపోయింది. దాన్ని వెతుక్కోకుండా అతడు మిగతావాటిని గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి మనిషి ముందుకు వెళ్ళి, కళ్ళలోకి చూస్తూ, "గంగసానీ!" అని పిలిచాడు.

ఆమె గంగసాని కాదు. కత్తి పైకి లేచింది.

అతడు వెనక్కి అడుగు వేయలేదు. రెండో పేరు పిలిచాడు.